ఈశాన్యం పెరిగింది

వైశాఖం, బుధవారం
పెరుగుదల: మామూలే.

ఈ చిట్టాలో రోజూ సాయంత్రం ఒక్క ముక్క రాస్తే చాలు, గోడ ఎంత పెరిగిందని. మిగతా పేజీ ఖాళీగా ఉంటుంది. టవరు నడిపే ట్రస్టు వాళ్లు పై వరుస తప్ప కింద ఏముందో చూడరు. రాళ్లగడ్డ జీవపార్కులో ఖాళీ జాగా వదిలేయడం మహాపాపం కనక, మిగతాది నేను నింపుతున్నాను.

పొద్దున్నే ఏడో అంతస్తు గోడలకు జావ పట్టాను. గోడల అడుగున తొట్లు ఉంటాయి. జావ పోస్తే గోడ దానంతట అదే పీల్చుకుంటుంది, పీల్చుకున్నాక ఒళ్లు వెచ్చబడుతుంది, అరచెయ్యి ఆనిస్తే తెలుస్తుంది. పాలిపోయిన చోట తడిబట్టతో తుడవాలి. అడ్డదిడ్డంగా పెరిగిన చోట కోత కత్తితో కత్తిరించాలి. ఈ టవరు మొత్తానికి కత్తి పట్టే లైసెన్సు నాకొక్కదానికే ఉంది. అందుకే అందరూ నన్ను గోడలమ్మ అంటారు, నా ముందు మాత్రం అండాలు గారూ అంటారు.

సిమెంటు ల్యాబు కట్టాలంటే ఏళ్లు పట్టేదట. దేశమంతా టీకాలు, మందులు, కణాలు పెంచే కంపెనీలు జాగా కోసం కొట్టుకుంటుంటే అన్నేళ్లు ఎవరు ఆగుతారు? ఈ గోడలు సూక్ష్మక్రిములను అవే తినేస్తాయి, పగుళ్లు అవే పూడ్చుకుంటాయి, లోపల ఎప్పుడూ ఒకటే వెచ్చదనం ఉంచుతాయి. అన్నిటికంటే ముఖ్యం, పెరుగుతాయి. పెరిగిన కొద్దీ వాటాదార్ల వాటా పెరుగుతుంది. ఊళ్లో కూరలమ్మే ఆవిడ దగ్గర కూడా ఇప్పుడు ఈ టవరు వాటా ఒకటుంది.

ఇవాళ ఏడో అంతస్తులో టీకాల కంపెనీ గృహప్రవేశం. ఆవును లిఫ్టులో ఎక్కించాం. అది మధ్యలో చెయ్యాల్సిన పని చేసింది, నేను కడిగాను. ల్యాబులో వంటగది ఉండదు కదా, ఆగ్నేయంలో గ్యాసు గొట్టాలుంటాయి కనక అక్కడ పొయ్యి పెట్టనివ్వరు. అందుకని సిద్ధాంతిగారు ఎప్పుడో తేల్చి చెప్పారు, పూజ చేసే ఈశాన్యం మూలలోనే పాలు పొంగించుకోమని. అప్పటినుంచి ప్రతి అంతస్తులోనూ అదే మూల, అవే మూడు ఇటుకలు.

పాలు పొంగాయి. నేల మీద పడ్డాయి. గోడ పాదం దగ్గర సన్నగా చప్పుడైంది, పసిపిల్ల చప్పరించినట్టు. నేల మరుక్షణం పొడిగా ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ట్రస్టు మేనేజరు చక్రధర్‌ది కోనసీమ. మనిషి మంచివాడే, మాట ఇంకా మంచిది. ప్రతి గృహప్రవేశంలోనూ ఒకటే పాఠం చదువుతాడు.

"మా ట్రస్టులో నియమం చాలా సింపులండీ. గోడ ఎక్కడిదాకా వెళ్తే హద్దు అక్కడిదాకా. హద్దు లోపల పెరిగినదంతా వాటాదార్లది. మీరు ఇవాళ అద్దెకున్నారు, రేపు వాటాదార్లవుతారు."

డాక్టర్ తహసీన్ మాత్రం నన్ను పక్కకు లాగింది. అయిదో అంతస్తు కంపెనీలో పెద్ద సైంటిస్టు, ఈ గోడకు మొదటి విత్తనం వేసినవాళ్లలో ఒకామె. హైదరాబాదు పిల్ల, నన్ను అక్కా అంటుంది.

"అక్కా, నేల మీద పాలు పడనియ్యకు. జావ దానికి కూడు. పాలట్ల కాదు. రుచి మరిగిందంటే ఎటు దిక్కు దొరికితే అటే ఒరుగుతది."

"చెట్టుకు నీళ్లు పోస్తే వేరు అటే పోతది గదా డాక్టరమ్మా. దానికింత ఫికరెందుకు?"

"ఇది చెట్టు కాదక్కా."

"పాలు పొంగకుండ గృహప్రవేశమెట్లయితది? మీ ఫ్లోరుల గూడ పొంగిచ్చిన్రు గదా."

"నేను వద్దన్న. మీరే పొంగిచ్చిన్రు," అంది. నిజమే. నేనే పొంగించాను.

సాయంత్రం చెల్లెలి ఇంటికి వెళ్లాను. సువర్ణకు ఏడో నెల. పెళ్లయిన ఇన్నేళ్లకు, ఎన్నో ఆసుపత్రుల మెట్లు ఎక్కి దిగాక నిలిచిన కడుపు. మరిది యాదగిరి జావ ట్యాంకరు తోలుతాడు, పోర్టు నుంచి నెలకోసారి ఇల్లు చేరతాడు. టవరుకు సరిగ్గా ఈశాన్యంలో ఉన్న క్వార్టర్లలో చివరిది వాళ్ల ఇల్లు. ఆ ఇల్లు ఏరికోరి ఇప్పించింది నేనే. దిక్కు మంచిదని.

జ్యేష్ఠం, శుక్రవారం
పెరుగుదల: ఈశాన్యం మూల, జానెడు.

పొద్దున తొట్లు చూడ్డానికి వెళ్తే కింద ఈశాన్యం మూల నున్నగా ముందుకు వచ్చి ఉంది. మిగతా గోడలు ఎక్కడివక్కడే. టేపు పెట్టి చూసి, నమ్మలేక మళ్లీ పెట్టాను. చక్రధర్‌కు చెబితే చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

"ఈశాన్యం పెరిగిందా అండాలు గారూ? నిజంగా ఈశాన్యమేనా? మన అదృష్టం చూడండి, ఎనిమిది దిక్కులుంటే దానంతట అదే ఎటు పెరగాలో అటే పెరిగింది!"

సిద్ధాంతిగారు వచ్చి దిక్సూచి పెట్టి కళ్లద్దుకున్నారు. ఈశాన్యం పెరిగిన స్థలంలో ఏం పెట్టినా పండుతుందన్నారు. మధ్యాహ్నానికి ఆ మాట పార్కంతా పాకింది. సాయంత్రానికి జాగా అడిగే కంపెనీలు గేటు దాకా నిలబడ్డాయి. ఇంకా పెరగని పదకొండో అంతస్తుక్కూడా ముహూర్తం పెట్టించుకున్నారు ఎవరో. పెళ్లికాని పిల్లకు బారసాల ముహూర్తం లాగుంది వ్యవహారం.

తహసీన్ వచ్చి ఆ మూలను వేలితో నొక్కి చూసింది.

"అక్కా, కత్తి తీయి. ఇప్పుడే కోసెయ్. ఇది పెరుగుడు కాదు, ఎతుకులాట."

"ఈశాన్యం కొయ్యాలా? నీకు పుణ్యముంటది డాక్టరమ్మా, నాతోని ఆ పని చెయ్యించకు. ఈశాన్యం తెంపిన ఇల్లు ఏడనన్న నిలవడ్డదా?"

"నీకు లైసెన్సున్నది గదా?"

"లైసెన్సున్నది, చేతులే లేస్తలేవు."

ఆమె నన్ను చూసిన చూపు బాగాలేదు. ఇంత చదువుకున్న పిల్లకు దిక్కుల సంగతి తెలియకపోవడమేమిటని జాలిపడ్డాను. ఈ పార్కులో ఇంతమంది ఉన్నారు, సైంటిస్టులున్నారు, వాటాదార్లున్నారు, నేనున్నాను. మరో దిక్కు పెరిగి ఉంటే ఎవరో ఒకరం కత్తి తెమ్మనేవాళ్లం. ఈశాన్యం కనక దండం పెట్టాం.

జ్యేష్ఠం, ఆఖరి ముహూర్తం
పెరుగుదల: ఈశాన్యం, నాలుగు బారలు.

ఈ నెల ముహూర్తాలకు ఊపిరాడలేదు. ఆషాఢం వస్తోంది, అదీ ఈసారి అధికమాసంతో కలిసి రెండు ఆషాఢాలు. రెండు నెలలు గృహప్రవేశాలు ఉండవని అందరూ ఎగబడ్డారు. ఒక్కోరోజు మూడు అంతస్తుల్లో పాలు పొంగించాం. చేతులకు పాలవాసన పోవడం లేదు.

ఇవాళ ఆఖరిది. ఆవు టవరు గుమ్మం ముందు ఆగిపోయింది. బెల్లం పెట్టాం, అరటిపళ్లు పెట్టాం. కాపరి మెడలో తాడు పట్టి లాగాడు. అది నాలుగు కాళ్లూ తన్నిపట్టి వెనక్కి లాగింది. దాని కళ్లల్లో తెల్లగుడ్డు అంతా కనబడింది.

"రోజూ వచ్చేదే గదనే, నీకేమైంది?" అన్నాను, గంగడోలు నిమురుతూ. ఒళ్లంతా వణుకుతోంది.

ముహూర్తం దాటిపోతోందని చక్రధర్ ఆవు బొమ్మ తెప్పించాడు. వెండిది, రెండు చేతుల్లో పట్టేంత. బొమ్మ గుమ్మం దాటడానికి ఏమీ పేచీ పెట్టలేదు. పాలు పొంగాయి. ఈసారి గోడ పాలు నేల మీద పడేదాకా ఆగలేదు. అంచు కిందికి వంగి గిన్నె పక్కనే కాచుకుని ఉంది.

నాకు ఆ క్షణంలో భయం వేసింది. ఇంతకుముందు వేయలేదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

అధిక ఆషాఢం, సోమవారం
పెరుగుదల: ఈశాన్యం. కొలవడానికి టేపు చాలలేదు.

ముందు మంచి కబురు. సువర్ణకు ఆడపిల్ల పుట్టింది. పిడికెడంత ఉంది. నెలలు నిండినా బరువు లేదు, ఒళ్లు నిలబడాలంటే వెచ్చగా ఉంచాలి, తల్లిపాలు తప్ప ఏమీ పట్టొద్దు, బయట తిప్పొద్దు అని డాక్టరు చెప్పి పంపింది. యాదగిరి ఫోనులో ఏడ్చాడు, పోర్టు నుంచి రావడానికి సెలవు దొరకలేదు. అధికమాసంలో బారసాల చెయ్యరు, ఆ వెనక వచ్చేదీ ఆషాఢమే. శ్రావణం దాకా దానికి పేరు లేదు, పాప అంటున్నాం. సువర్ణ దాన్ని గుండెకు ఆనించుకుని కన్నార్పకుండా చూస్తోంది. ఇన్నేళ్లలో నా చెల్లెలి ముఖం అలా చూడలేదు.

ఇక రెండోది. గోడలు జావ ముట్టడం లేదు. తొట్లలో పోసింది పోసినట్టే పుల్లబడుతోంది. పడమటి గోడ పాలిపోయింది, దక్షిణం గోడ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. ఒంట్లో ఉన్న సత్తువంతా ఈశాన్యానికి తోలుకుంటోంది. మూల నుంచి ఒక నాలుక లాంటిది బయలుదేరి, తోట దాటి, క్వార్టర్ల సందులోకి వచ్చింది. మొదటి ఇంటి పక్కనుంచి పోయింది, ముట్టుకోలేదు. రెండో ఇల్లూ ముట్టుకోలేదు.

సందు మొదట్లో పాలకేంద్రం ఉంది. ఇవాళ పొద్దున అది కనబడలేదు. తెల్లటి నున్నటి గోడలో కలిసిపోయి, షట్టరు ఆకారం మాత్రం ఉబ్బుగా తెలుస్తోంది. షట్టరు మీది పొర మాత్రం కోసి తెరిచాను. లోపల పాల ప్యాకెట్లు వరుసగా ట్రేలలోనే ఉన్నాయి. ఒక్కటీ చిరగలేదు, అన్నీ అణిగిపోయి అప్పడాల్లా ఉన్నాయి.

పాలకేంద్రం ఆయనకు చక్రధర్ గేటు బయట కొత్త షెడ్డు ఇప్పించాడు. "మూడో వంతు క్వార్టర్ల సందు మన హద్దులోకి వచ్చేసిందండీ," అని వాటాదార్లకు ఫోను చేసి చెబుతుంటే విన్నాను. పెళ్లికొడుకు తండ్రిలా నవ్వుతున్నాడు.

నిజ ఆషాఢం, గురువారం
పెరుగుదల: సువర్ణ పడకగది దాకా.

ఇంత పెద్ద కోతకు ట్రస్టు ఆర్డరు కావాలి కనక, ఇవాళ కత్తి పట్టుకుని చక్రధర్ గదికి వెళ్లాను.

"సారూ, సందు కాడ కోస్త. ఆర్డరియ్యిన్రి. మా చెల్లె ఇంట్ల పసిపిల్ల ఉన్నది."

"కూర్చోండి అండాలు గారూ. మంచినీళ్లు తాగండి."

"నాకు నీళ్లొద్దు సారూ. అది పాలకేంద్రం తిన్నది. ఇప్పుడు ఆ ఇంటి మీదికి పోతున్నది. దానికి కావల్సింది ఆడ ఒక్క ఇంట్లనే ఉన్నది."

అతను నిజంగానే బాధపడ్డాడు. నటన కాదు. కిటికీలోంచి ఆ తెల్లటి నాలుకను చాలాసేపు చూశాడు.

"నేనొక్కణ్ణే అయితే కోయించేద్దునండీ. కానీ ఈశాన్యం కోశామని బయటికి పొక్కితే ఒక్క కంపెనీ నిలుస్తుందా? ఎంతమంది వాటాలండీ ఇవి! ముసలాళ్లవి, స్కూలు టీచర్లవి, మీ కూరలావిడవి. వచ్చే వారం శ్రావణం వస్తోంది. ముహూర్తాలు మొదలైతే లోపల కడుపు నిండుతుంది, అదే వెనక్కి మళ్లుతుంది. కొన్నాళ్లు మీ చెల్లెల్ని మీ ఇంటికి తెచ్చుకోండి."

అది సబబుగానే ఉందనిపించింది. పడమటి క్వార్టర్లలో నాకూ ఒక గది ఉంది. నేరుగా సువర్ణ దగ్గరికి వెళ్లాను.

గోడ అప్పటికే పడకగది వెనక గోడను కప్పేసి లోపలికి వచ్చింది. గది అంతా లేత మీగడ రంగులో ఉంది, మూలలు లేవు. సువర్ణ దానికి వీపు ఆనించి కూర్చుని పాపకు పాలిస్తోంది. బయట ముసురు, చలిగాలి. లోపల మాత్రం అమ్మ ఒడిలో కూర్చున్నట్టుంది.

"లే సువర్ణా, మా ఇంటికి పోదాం. నాకు ఇది మంచిగ కొడతలేదు."

"ఎందుకక్కా? పాపను చూడు, ఎంత మంచిగ పండుకుంటున్నదో. బయటికి తియ్యొద్దన్నరు గదా డాక్టరు. నీ రూముల తేమకు నువ్వే దగ్గుతవ్, పసిదాన్ని ఏడ పెడతవ్?"

"గోడ నీ దగ్గరికొచ్చింది, సూస్తలేవా?"

"గోడలు సాకేదానివి నువ్వే, నువ్వే భయపడతవా?" అని నవ్వింది. తరవాత పాప వైపు చూసి మెల్లగా అంది, "దీన్ని బతికిచ్చే జాగ ఏదన్నుంటే నేను ఆడనే ఉంట అక్కా. ఎవ్వలదన్న గానీ."

నేను కత్తి తీయలేకపోయాను. పాప బుగ్గలు మొన్నటికంటే నిండుగా ఉన్నాయి.

నిజ ఆషాఢం, శనివారం
పెరుగుదల: రాయబుద్ధి కావడం లేదు.

గోడను వెనక్కి పిలవాలి. అది పాలకోసం వెళ్తోంది కాబట్టి పాలు ఇంకోవైపు పెడితే ఇంకోవైపు వస్తుంది. ఎటు? ఈశాన్యానికి సరిగ్గా ఎదురు నైరుతి. ఇల్లు నైరుతి పెరిగితే యజమానికి నాశనమని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకే ఈ టవరుకు నైరుతి మూలలో ఎవరూ ఎప్పుడూ పొయ్యి పెట్టలేదు. అక్కడ గోడ పుట్టి బుద్ధెరిగి పాలు చూసి ఉండదు.

పట్టపగలు, అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు, నైరుతి మూలలో మూడు ఇటుకలు పెట్టాను. గేటు బయట షెడ్డు నుంచి క్యాను నిండా పాలు తెచ్చాను. తప్పు కాయమని ఆ మూలకు దండం పెట్టుకున్నాను. పాలు పొంగించి నేలంతా పారనిచ్చాను.

పాలు అక్కడే నిలిచాయి. మడుగు కట్టాయి. పైన మీగడ తేలింది. చాలాసేపటికి ఈగలు వచ్చాయి.

చక్రధర్ వచ్చేటప్పటికి నేను ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాను. అతను మొదటిసారి గొంతు పెంచాడు.

"నైరుతిలో పాలా! మీకు మతి పోయిందా అండీ? ఎవరైనా చూసి ఉంటే ఏమయ్యేది?"

కత్తి తీసుకున్నాడు. లైసెన్సు కార్డు తీసుకున్నాడు. "చిట్టా మాత్రం రాస్తూ ఉండండి, వేరే మనిషి దొరికేదాకా," అన్నాడు.

నిజ ఆషాఢం, అమావాస్య
పెరుగుదల: సువర్ణ ఇల్లు మొత్తం.

కత్తి లేని గోడలమ్మను కనక ఇక మిగిలింది తహసీన్. ఆమె మాట వినకపోయినందుకు కాళ్ల మీద పడదామనే వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే నా చెయ్యి పట్టుకుని సువర్ణ ఇంటికి లాక్కుపోయింది. గుమ్మం సన్నబడి మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టనంత ఉంది.

లోపల పడకగది గోడ మీద చెమట పట్టినట్టు తెల్లటి చుక్కలు. తహసీన్ ఒకదాన్ని గాజుగొట్టంలోకి తీసుకుంది. ఆమె కళ్లు మెరుస్తున్నాయి.

"నిన్న పరీక్ష చేసిన అక్కా. ఇవి ఆవుపాలు కావు. సువర్ణ పాలు. అచ్చం అవే. తాగింది, నేర్చుకున్నది, ఇప్పుడు చేస్తున్నది."

"నైరుతిల పోసినయి ఎందుకు తాగలే?"

"ఇంక వాటితోని దానికేం పని?"

సువర్ణ మంచం మీద కూర్చుని మమ్మల్ని చూస్తోంది. చిక్కిపోయింది. పాప ఆమె ఒళ్లో లేదు. గోడలో చిన్న గుంట పడింది, ఊయలంత. పాప అందులో పడుకుని గోడకు నోరు పెట్టుకుని ఉంది.

"నాకు పాలు ఎండిపోయినయక్కా," అంది సువర్ణ, తప్పు చేసినదానిలా. "ఇప్పుడు ఈ గోడకే వస్తున్నయి."

నేను తహసీన్ భుజాలు పట్టుకున్నాను. "ఇప్పుడన్న చెప్పు సారుకు. కోసెయ్యమని నువ్వే గదా అన్నవ్, జ్యేష్ఠంల!"

"అప్పుడు ఇది చేస్తదని నాకు తెల్వదక్కా." ఆమె నా ముఖం చూడలేదు, గాజుగొట్టమే చూస్తోంది. "దేశంల ఎంతమంది పసిపిల్లలు పాలు లేక చచ్చిపోతున్నరు? ఈ రూము మా కంపెనీ తీసుకుంటున్నది. సారుతోని మాటయింది."

మొదట కోయమన్నది ఆమె, కోయనన్నది నేను. ఇప్పుడు కోస్తానంటున్నది నేను, వద్దంటున్నది ఆమె. ఆ గదిలో నిలబడి నాకు ఏడుపు కూడా రాలేదు.

శ్రావణం, మంగళవారం
పెరుగుదల: తెలియదు.

ముహూర్తాలు మొదలయ్యాయి. పై అంతస్తుల్లో పాలు పొంగుతున్నాయి, నేల మీద అలాగే ఉండిపోతున్నాయి. కొత్తగా పెట్టిన పనిమనిషి తుడుస్తోంది. గోడ వెనక్కి మళ్లుతుందన్న మనిషి ఆ సంగతే ఎత్తడం లేదు.

పొద్దున నా ఇంట్లో కత్తిపీట సంచిలో పెట్టుకుని వెళ్లాను. గుమ్మం పూర్తిగా మూసుకుపోయింది. కూరగాయలు తరిగే కత్తిపీటతో గోడ కోయడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. దాన్ని నిలువుగా పట్టి, మోకాలు ఆనించి తోశాను. ఎప్పుడు కోసినా ఈ గోడలకు నీరు కారేది. ఈసారి పాలు కారాయి. వెచ్చటి పాలు నా మోచేతుల దాకా కారాయి. నేను ఏడుస్తూనే కోశాను.

సువర్ణ అడ్డం రాలేదు. "తీస్కపోదాం పా అక్కా," అంది, చిన్నప్పుడు నా కొంగు పట్టుకున్నట్టు నా చీర పట్టుకుని. పాపను గుంటలోంచి తీస్తుంటే గోడ వెంటనే వదల్లేదు. బలవంతం చేయలేదు కూడా. పాప నోటిని మాత్రం ఆఖరిదాకా పట్టుకుని ఉండి, అప్పుడు వదిలింది.

నా గదికి తెచ్చాం. కంబళ్లు కప్పాం, వేడినీళ్ల సీసాలు పక్కన పెట్టాం. సువర్ణ రొమ్ము పెడితే తల పక్కకు తిప్పుకుంది. సీసా పెడితే ఉమ్మేసింది. ఆవుపాలు, డబ్బాపాలు, పక్కింటి బాలింత పాలు కూడా పెట్టి చూశాం. మధ్యాహ్నానికి ఏడుపు సన్నబడింది. ఆ తరవాత ఏడుపు మానేసింది. పెదవులు నల్లబడుతుంటే ఆసుపత్రి డాక్టరుకు ఫోను చేసి, నిన్నటిదాకా పాలు తాగి పెరిగిన చోటినుంచి తెచ్చామని చెప్పాను. ఎక్కడ పెరుగుతోందో అక్కడికే తీసుకెళ్లండి అంది ఆమె, అదేమిటో తెలియక.

పొద్దు వాలకముందే సువర్ణ పాపను ఎత్తుకుని లేచింది. నేను ఆపలేదు. వెనకే నడిచాను, చేతిలో ఎవరూ తాగని పాలసీసా పట్టుకుని. నేను కోసిన గుమ్మం అప్పటికి మానిపోయి ఉంది. సువర్ణ ముందు నిలబడగానే తెరుచుకుంది. గుంటలో పడుకోబెట్టగానే పాప నోరు గోడను వెతుక్కుంది. కాసేపటికి పెదవులు ఎర్రబడ్డాయి.

పాప బతికింది. అంతకంటే నాకు ఏం కావాలి? చేతిలోని సీసా పాలు గుమ్మం బయట పారబోశాను.

శ్రావణం, శుక్రవారం

ఇవాళ సువర్ణ గదికి గృహప్రవేశం. పాపకు బారసాల కూడా ఇవాళే పెట్టుకున్నాం, ముహూర్తం ఒకటే కలిసొచ్చింది. యాదగిరి ట్యాంకరు పోర్టులో ఇరుక్కుంది, రాలేదు. తహసీన్ కంపెనీ వాళ్లు తెల్లకోట్ల మీద కండువాలు వేసుకుని వచ్చారు. వాటాదార్లు సందంతా నిండిపోయారు. కూరలావిడ కొత్తచీర కట్టుకుని వచ్చి నాకు బొట్టు పెట్టింది. ఆవును ఎవరూ పిలవలేదు. వెండి బొమ్మే వచ్చింది.

చక్రధర్ నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించాడు. "ఇంటికి పెద్ద దిక్కు మీరే కదండీ. పాలు మీ చేత్తోనే పొంగించాలి. జరిగింది మరిచిపోదాం."

వద్దనలేకపోయాను. సువర్ణ లోపలే ఉంటుంది, పాప లోపలే ఉంటుంది. ఈ చేతులు పనికొచ్చినంతకాలమే నన్ను లోపలికి రానిస్తారు. మూడు ఇటుకలు పెట్టి, పాలు పెట్టి, కూర్చున్నాను. పాలు పొంగాయి, కారాయి. గోడ కదల్లేదు. మడుగు అక్కడే నిలిచింది. సిద్ధాంతిగారు పాలు తూర్పుకే పొంగాయని చెప్పారు, అందరూ చప్పట్లు కొట్టారు.

చక్రధర్ తన పాఠం చదివాడు. గోడ ఎక్కడిదాకా వెళ్తే హద్దు అక్కడిదాకా. తరవాత నా పక్కన వంగి నెమ్మదిగా అన్నాడు.

"అన్నట్టు, ఇకనుంచి మీ చిట్టాలో పాప బరువు కూడా రాయాలండీ. రోజూ సాయంత్రం, గోడ పక్కనే."

"పాప బరువు మీకెందుకు సారూ?"

"హద్దు లోపల పెరుగుతున్నదే కదండీ."

"పాప మా చెల్లె బిడ్డ."

"అయ్యో, ఎవరు కాదన్నారండీ?" అతను నిజంగా నొచ్చుకున్నాడు. "పాప మీదే. పెరుగుదల వాటాదార్లది."

తహసీన్ అవతల గాజుగొట్టాలు సర్దుకుంటోంది, వినబడనట్టు. సువర్ణ వినలేదు, గుంట పక్కన కూర్చుని పాప చెయ్యి పట్టుకుని ఉంది. ఆ చెయ్యి ఇప్పుడు బొద్దుగా ఉంది, మణికట్టు దగ్గర మడత పడింది. చెల్లెలి చెయ్యి మాత్రం పుల్లలా ఉంది.

"పేరు నువ్వే పెట్టాలె అక్కా," అంది.

పళ్లెంలో బియ్యం పోసి పెట్టారు పేరు రాయడానికి. కెమెరాలు పట్టుకుని అందరూ ముందుకు వంగారు. నేను బియ్యంలో ఏమీ రాయలేదు. గుంటలోకి వంగి, పాప చెవి చుట్టూ అరచేతులు అడ్డం పెట్టి, ఎవరికీ వినబడకుండా పేరు చెప్పాను. మూడుసార్లు చెప్పాను.

పాప నా వైపు చూడలేదు. మెల్లగా తల తిప్పి, గోడ వైపు చూసి నవ్వింది. నా చేతుల కింద గోడ వెచ్చబడింది.

పెరుగుదల: ఈశాన్యం, జానెడు.
పాప బరువు: ఇవాళ తూచలేదు. రేపటినుంచి వాళ్లే తూస్తారట.
పేరు పెట్టాం. అది ఇక్కడ రాయను.